ఎర్ర గ్లౌజులు

“మిత్రులారా, ఈ కొండల మధ్య నేనూ, నా వ్యానూ, ఈ నిశ్శబ్దమూ తప్ప మరో ప్రాణి లేదు,” అన్నాడు ఏకాకి, కెమెరాలోకి దిగులుగా చూస్తూ.

“ఒరేయ్, తుమ్మొస్తోంది,” అంది మంచం కింది పెట్టెలోంచి పిన్ని.

“కాసేపు ఆపుకో పిన్నీ!”

“తుమ్మేమన్నా నీ అభిమానిట్రా, ఆగమంటే ఆగడానికి?”

ఆ మాట అంటూనే తుమ్మింది. ఆ ఊపుకి పాత వ్యాన్ తలుపు దానంతటదే తెరుచుకుంది. ఏకాకి కెమెరా ఆపి, తలుపుని మళ్ళీ తాడుతో కట్టి, ఒంటరితనాన్ని మొదటినుంచి మొదలుపెట్టాడు.

ఏకాకి అన్నది అతని ఛానల్ పేరు. పరాయి దేశంలో ఎవరో పెద్దాయన వదిలించుకున్న క్యాంపర్ వ్యాన్ కొని, అందులోనే వండుకుంటూ, అందులోనే పడుకుంటూ ఒక్కడే దేశం తిరుగుతున్న సాహసి. వీడియోల్లో సంగతి అది. స్వదేశంలో మాత్రం అతను మామగారి టైల్స్ షాపులో కౌంటరు దగ్గర కూర్చునేవాడు. ఇల్లు కట్టుకుంటున్న మొగుడూ పెళ్ళాలకి ఒకే పలకని మూడు లైట్ల కింద పెట్టి ఇది ఐవరీ, ఇది క్రీము, ఇది హాఫ్ వైట్ అని చెప్పడం అతని ఉద్యోగం. వాళ్ళు పోట్లాడుకుని వెళ్ళిపోయాక వేలిముద్రలు తుడవడం కూడా.

ఆ సమయంలో ఒక ట్రావెల్ ఛానల్ వాళ్ళు ‘ఒంటరి దారి’ అని పోటీ పెట్టారు. ఒంటరిగా ప్రయాణం చేస్తూ వీడియోలు పెట్టాలి. గెలిచినవాళ్ళకి ఆ ఛానల్లోనే పని. జీవితాంతం ఊళ్ళు తిరగడమే పని.

“వెళ్ళు అల్లుడూ,” అన్నారు మామగారు ఉదారంగా. “గెలిస్తే నీ దారి నీది. ఓడితే మాత్రం తిరిగొచ్చి మన కొత్త బ్రాంచి చూసుకోవాలి. అక్కడ టైల్స్ ఉండవు. ఒట్టి కమోడ్లే.”

వరసగా పేర్చిన తెల్లటి కమోడ్ల మధ్య ముసలివాడైపోతున్నట్టు ఏకాకికి ఆ రోజే మొదటి కల వచ్చింది. ఇప్పటికీ వస్తూనే ఉంది.

ఇక ఒంటరి ప్రయాణంలోకి పిన్ని ఎలా వచ్చిందంటే, దానికి కారణం ఒక చిన్న పొరపాటు. పిన్ని డ్రైవింగ్ స్కూలు నడిపేది. స్కూలు కారులో నేర్చుకునేవాడికి ఉన్నట్టే పక్క సీట్లో కూర్చున్న టీచరు కాళ్ళ దగ్గర కూడా క్లచ్చీ బ్రేకూ ఉంటాయి. అక్క కొడుకు కదా అని పిన్ని ఏకాకికి ప్రత్యేక శ్రద్ధతో నేర్పింది. అంటే అతను స్టీరింగ్ పట్టుకుని పాటలు పాడుతుంటే తొక్కాల్సినవన్నీ ఆమే తొక్కింది. లైసెన్సు పరీక్ష కూడా అదే కారులో, అదే పక్క సీటుతో జరిగింది. పరీక్షాధికారి వెనక కూర్చుని మెచ్చుకున్నాడు. ఏకాకి తనకి డ్రైవింగ్ వచ్చుననే నమ్మాడు.

వ్యాన్ అమ్మిన పెద్దాయన ఇంటి ముందు ఆ నమ్మకం పోయింది. పక్క సీటు ఖాళీగా ఉంది. వ్యాన్ రెండుసార్లు ఎగిరి, మూడోసారి ఆయన పూలకుండీల్లోకి దూకింది. ఏకాకి ఆ కుండీల మధ్యలోంచే పిన్నికి ఫోన్ చేశాడు.

“నువ్వు తొక్కడం ఎప్పుడు నేర్చుకున్నావు గనకరా?” అంది పిన్ని. ఆ వారమే విమానం దిగింది, చంకలో తన దిండుతో సహా.

అప్పటినుంచీ ఏర్పాటు ఇదీ. పిన్ని నడుపుతుంది. ఏకాకి వెనక మందపాటి కర్టెన్ వేసుకుని నిన్నటి వీడియో ఎడిట్ చేసుకుంటాడు. అందమైన చోటు కనిపిస్తే పిన్ని వ్యాన్ ఆపి కర్టెన్ మీద కొడుతుంది. అతను తల దువ్వుకుని వచ్చి స్టీరింగ్ ముందు కూర్చుంటాడు. ఆమె పెట్టెలో దూరుతుంది. అతను నిశ్శబ్దం గురించి మాట్లాడతాడు.

అనుమానాలు రాకపోలేదు. ‘అన్నా, మీరు నడుపుతుంటే కిటికీలో చెట్లు కదలవేం?’ అని ఒకడు అడిగాడు. ‘కదిలే లోకంలో కదలకుండా ఉండటమే నా ప్రయాణం’ అని జవాబిచ్చాడు ఏకాకి. సింకులో రెండు పళ్ళేలు కనిపించాయని ఇంకొకామె పట్టుకుంది. ‘ఒకటి నాది, రెండోది నా ఒంటరితనానిది’ అన్నాడు. ఆ వాక్యాన్ని జనం టీషర్టుల మీద అచ్చు వేయించుకున్నారు.

“నీ ఒంటరితనం పళ్ళెం కూడా నేనే తోముతున్నానురా,” అంది పిన్ని.

అంతా సాఫీగా పోతున్న సమయంలో పోటీదారుడొకడు తగిలాడు.

వాడికి పేరు లేదు. మొహం లేదు. మాట లేదు. వీడియోలో కనిపించేవి రెండే రెండు చేతులు, ఎర్ర గ్లౌజులు తొడుక్కుని స్టీరింగ్ మీద. ముందు రోడ్డు పరుగెత్తుతూ ఉంటుంది. అప్పుడప్పుడూ కింద ఒక్క వాక్యం పడుతుంది: ‘ఈ మలుపు బాగుంది’ అనో, ‘ఇక్కడ వాన మొదలైంది’ అనో. అంతే. జనం ఆ చేతుల్ని చూసి వెర్రెత్తిపోయారు. ఏకాకి చెప్పిన తత్వమంతా ఒక గేరు మార్పు ముందు వెలవెలబోయింది.

అది చాలదన్నట్టు ఇంకో భయం. ఏకాకి ఒక లైట్‌హౌస్ ముందు కూర్చుని వీడియో తీసుకుంటే, అదే లైట్‌హౌస్‌కి వెళ్ళే రోడ్డు అప్పటికే ఎర్ర గ్లౌజుల ఛానల్లో ఉంది. ఒక వంతెన దగ్గరా అదే జరిగింది. ఒక పాత కోట దగ్గరా అంతే.

“వాడు నన్ను వెంటాడుతున్నాడు పిన్నీ.”

“ఎవడు?”

“ఎర్ర గ్లౌజులు! నా దారి వాడికెలా తెలుస్తోంది? ఎవడో మన వ్యాన్‌కి ఏదో యంత్రం తగిలించాడు.”

పిన్ని వ్యాన్ కిందికి వంగి చూసి వచ్చింది. “నూనె కారుతోంది. యంత్రాలేం లేవు.”

ఏకాకి ఎడిటింగ్ మానేసి వెనక కిటికీకి కళ్ళు అతికించాడు. రెండు రోజులుగా ఒక కారు, చక్రాల ఇల్లులాంటి కొత్త క్యారవాన్‌ని తగిలించుకుని, వీళ్ళ వెనకే వస్తోంది. వీళ్ళు ఆగితే ఆగుతోంది. కదిలితే కదులుతోంది. ఒక మధ్యాహ్నం పార్కింగ్‌లో అది పక్కనే వచ్చి ఆగితే, గంటసేపు కాపు వేసి అతను కెమెరా పట్టుకుని దూకాడు. క్యారవాన్ తలుపు తెరుచుకుంది. తెల్లజుట్టు ముసలావిడ మెట్లు దిగింది. రెండు చేతులకీ ఎర్ర గ్లౌజులు!

“దొరికారు!” అని అరిచాడు ఏకాకి.

ఆవిడ బెదిరిపోయి చేతుల్లోని ట్రే ముందుకు చాపింది. ఓవెన్‌లోంచి అప్పుడే తీసిన బిస్కెట్లు. ఆ గ్లౌజులు చేతులు కాలకుండా వేసుకునేవి. వెనకనుంచి వచ్చిన ముసలాయన ఏకాకి గడ్డాన్నీ, నలిగిన షర్టునీ, తాడు కట్టిన వ్యాన్ తలుపునీ చూసి జాలిపడి, నాలుగు బిస్కెట్లు అతని జేబులో కుక్కి భుజం తట్టాడు.

పిన్ని డ్రైవర్ సీట్లో కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది.

“నీ వెనక ఎవరూ లేరురా నాయనా. ఆ కర్టెన్ తీసి ఒక్కసారి ముందుకు చూడు.”

ఏకాకి ముందుకు చూడలేదు. అతనికి ఎడిటింగ్ ఉంది.

మర్నాడే ఛానల్‌నుంచి ఫోన్ వచ్చింది. ఫైనల్‌కి ఇద్దరే మిగిలారు, ఏకాకి, ఎర్ర గ్లౌజులు. ఛానల్ తరఫున ఒక మేడమ్ రేవు దగ్గరికి వస్తారు. వ్యాన్లూ కార్లూ మోసుకెళ్ళే ఓడ ఒకటి అక్కడినుంచి బయల్దేరుతుంది. మేడమ్ మొదట ఏకాకి పక్కన కూర్చుంటారు. అతను వ్యాన్‌ని ఓడలోకి ఎక్కించాలి. రెండో ఫైనలిస్టుని ఓడలో కలుస్తారు. అవతలి ఒడ్డు చేరేలోగా ఫలితం.

“పక్కన కూర్చుంటారా?” అన్నాడు ఏకాకి పీలగా. “నేను నడుపుతుంటేనా?”

ఫోన్ పెట్టాక పిన్ని కాళ్ళమీద పడ్డంత పని చేశాడు. “నేర్పు పిన్నీ. ఈసారి నిజంగా నేర్పు.”

ఒక ఖాళీ మార్కెట్ స్థలంలో సాయంత్రం దాకా నేర్పింది. ఏకాకి క్లచ్చి వదిలిన ప్రతిసారీ వ్యాన్ ఎక్కిళ్ళొచ్చిన ఒంటెలా ఊగి ఆగిపోయింది. పక్క సీట్లో పిన్ని కాలు తనకి తెలియకుండానే గాల్లో లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది.

“ఓడ ఎక్కే చోట కాస్త ఎత్తుగా ఉంటుంది,” అంది చివరికి. “మొదటి గేరులో పోనివ్వు. దేవుడున్నాడు.”

“నువ్వెక్కడుంటావు?”

పిన్ని ఒక క్షణం ఏదో చెప్పబోయి ఆగింది. “ఎప్పుడూ ఉండే చోటేగా. పెట్టెలో.”

రేవులో ఎండ పేలిపోతోంది. బళ్ళు బారులు తీరాయి. పసుపు కోటు వేసుకున్న ఓడ మనిషి కర్ర ఊపుతూ ఒక్కొక్క బండినీ ఇనప వాలు మీదుగా ఓడ కడుపులోకి పంపిస్తున్నాడు. ఛానల్ మేడమ్ నల్లకళ్ళజోడుతో వచ్చి ముందు సీటెక్కింది. వ్యాన్‌లోపలికి ఒకసారి చూసింది.

“చక్కగా ఉంచుకున్నారే. ఒంటరి మగాడి వ్యాన్ అంటే సాక్సుల కంపు కొడుతుందనుకున్నాను.”

“ఒంటరితనం మనిషికి శుభ్రత నేర్పుతుంది మేడమ్.”

పెట్టెలో ఎవరో పళ్ళు నూరిన చప్పుడు.

“విచిత్రం ఏమిటంటే,” అంది మేడమ్ ఫోన్ చూసుకుంటూ, “రెండో ఫైనలిస్టు కూడా ఈ లైన్లోనే ఎక్కడో ఉన్నారు. మ్యాపులో మీరిద్దరూ ఒకేచోట కనిపిస్తున్నారు.”

ఏకాకి అద్దంలో చూశాడు. వెనక అదే క్యారవాన్ కారు. ముసలావిడ చెయ్యి ఊపింది. అంటే బిస్కెట్లు నాటకమన్నమాట!

ఓడ మనిషి కర్ర ఊపాడు. ఏకాకి గేరు వేశాడు. వ్యాన్ గట్టిగా మూలిగి, వాలు సగం దాకా ఎక్కింది. అతను పొంగిపోయి మేడమ్ వైపు తిరిగి నవ్వాడు. ఆ నవ్వు పూర్తికాకుండానే ఇంజన్ ఆగిపోయింది. వ్యాన్ వెనక్కి జారడం మొదలైంది.

“బ్రేకు! బ్రేకు తొక్కరా!” అంది వ్యాన్.

మేడమ్ ఉలిక్కిపడింది. “ఎవరది?”

“నే... నేవిగేషన్ మేడమ్. మన భాషలో పెట్టుకున్నాను.”

“అది క్లచ్చిరా సన్నాసీ! మధ్యది! మధ్యది తొక్కు!”

“చాలా చనువుగా ఉందే మీ నేవిగేషన్!”

“పాత వెర్షన్ మేడమ్!”

“హ్యాండ్ బ్రేకు లాగు, నీ మొహం మండా!”

ఏకాకి లాగాడు. హ్యాండ్ బ్రేకు ఊడి చేతికొచ్చింది. ఆ ఇనప కాడని ఏం చెయ్యాలో తోచక మేడమ్ చేతిలో పెట్టాడు. వ్యాన్ జారిజారి, వెనక క్యారవాన్ కారు ముక్కుకి మెత్తగా ఆనుకుని ఆగింది. లైన్లో ఉన్న బళ్ళన్నీ ఒకేసారి హారన్ కొట్టాయి. ఓడ మనిషి కర్ర నేలకేసి కొట్టి ఏదో అన్నాడు. ఆ భాష రాకపోయినా అర్థం తెలిసింది.

మేడమ్ కళ్ళజోడు సర్దుకుంది. “మీరు నిదానంగా ఊపిరి తీసుకోండి. ఈలోగా ఆ రెండో ఆయన్ని ముందు ఎక్కమని చెబుతాను.”

ఆమె నంబరు నొక్కింది.

మంచం కింద ఫోన్ మోగింది. మామూలు మోత కాదు. కారు రివర్స్ చేస్తున్నప్పుడు వచ్చే కీచుపాట. పిన్ని స్కూలు కారు పాట. అది విని పెరిగినవాడు ఏకాకి. అతను మెల్లగా వెనక్కి తిరిగాడు.

పెట్టె మూత లేచింది. ముందు జుట్టుముడి, తర్వాత మోకాళ్ళ మూలుగు, ఆ తర్వాత రెండు చేతులు బయటికి వచ్చాయి. చేతులకి ఎర్ర గ్లౌజులు.

“పిన్నీ...” అన్నాడు ఏకాకి. “నువ్వా?”

“నేనే. జరుగు. వెనక ముసలాయన కారు పెయింట్ పోతుంది.”

“నన్ను మోసం చేశావు!”

“మోసం అంటే లోపల మనిషిని దాచుకుని బయట ఒంటరినని చెప్పుకోవడంరా. నేనెవర్ని దాచాను? నువ్వే దాక్కున్నావు, కర్టెన్ వేసుకుని.”

“కానీ నువ్వు ఒంటరిగా లేవుగా! వెనక నేనున్నాను!”

“సామాను కూడా వెనకే ఉంది. దాన్నేమైనా లెక్కలోకి తీసుకున్నానా?”

మేడమ్ చేతిలో బ్రేకు కాడతో ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. “మీరిద్దరూ ఒకే వ్యాన్‌లోనా? ఇన్నాళ్ళూ?”

“ఓడెక్కాక మీకు నిజం చెప్పేద్దామనే అనుకున్నానమ్మా,” అంది పిన్ని. “వీడు ఓడదాకా రానిస్తేగా!” తర్వాత గొంతు కాస్త తగ్గింది. “ఊళ్ళో సగం మందికి నేనే నేర్పాను. అందరూ నా చేత తొక్కించుకుని, లైసెన్సు తీసుకుని, ఎక్కడికెక్కడికో వెళ్ళిపోయారు. నేను మాత్రం పక్క సీట్లో, రెండో గేరు దాటకుండా, అదే మైదానం చుట్టూ తిరిగాను. నాలుగో గేరు వేసింది ఈ దేశం వచ్చాకేనమ్మా. వేసినప్పుడు ఎవరికైనా చూపించాలనిపించింది. వీణ్ణి పిలిస్తే ఎడిటింగ్ ఉందన్నాడు.”

ఓడ కూత పెట్టింది. పిన్ని ఏకాకి భుజం పట్టి పక్కకి లాగి స్టీరింగ్ ముందు కూర్చుంది. ఇంజన్ దగ్గి, గొంతు సర్దుకుని, అందుకుంది. ఎర్ర గ్లౌజులు ఒకసారి కదిలాయి. వ్యాన్ పాలగిన్నె దగ్గరికి వెళ్ళే పిల్లిలా చప్పుడు లేకుండా వాలెక్కి ఓడలో తన చోట నిలబడింది. వెనక క్యారవాన్ కారులోంచి చప్పట్లు వినిపించాయి.

ఓడ పైఅంతస్తులో, గాలికి ఎగిరే కాగితపు కప్పులు పట్టుకుని ముగ్గురూ కూర్చున్నారు. ఏకాకి ఆఖరి ప్రయత్నం చేశాడు.

“మేడమ్, ఇద్దరం ఒంటరిగా లేము కాబట్టి ఇద్దర్నీ తీసెయ్యాలి. అదే న్యాయం.” తను మునిగితే పిన్నినీ ముంచుదామన్నది ఆ న్యాయం.

మేడమ్ నవ్వింది. “మా ఛానల్లో ఎడారిని ఒంటరిగా నడిచి దాటినాయన ఉన్నాడు చూశారా? ఆయన వెనక మా జీపులు మూడు, వంటవాళ్ళిద్దరు, గొడుగు పట్టుకునేవాడు ఒకడు. ఒంటరితనం తెరమీద నిండుగా కనబడాలంటే పదిమంది కష్టపడాలండీ. మీరిద్దరే సరిపెట్టుకున్నారంటే పొదుపనే అనాలి. అది తప్పు కాదు.”

“మరి?”

“మీకు బండి నడపడం రాదు. అదొక్కటే తప్పు.”

ఫలితం వచ్చేసింది. పని పిన్నిది. ఏకాకి కప్పులోకి చూస్తూ ఉండిపోయాడు. జేబులో ఫోన్ మోగింది. మామగారు.

“ఏమయ్యా అల్లుడూ, ఎలా ఉంది? నేనైతే బోర్డు రాయించేశాను. కౌంటరు పక్కన నీకు తిరిగే కుర్చీ కూడా వేయించాను. దానిమీద కూర్చుంటే నాలుగు వైపులా కమోడ్లు కనిపిస్తాయి.”

ఏకాకి ఫోన్‌ని చెవికి దూరంగా పట్టుకున్నాడు. పిన్ని ఆ గొంతు ఫోన్‌లోంచి వింది, సొంత కొడుకులా పెంచిన అక్క కొడుకు మొహం చూసింది. ఫోన్ లాక్కుంది.

“అన్నయ్యగారూ, ఇంకా తేలలేదండీ. మళ్ళీ చేస్తాం.” పెట్టేసి, మేడమ్ వైపు తిరిగింది. “అమ్మా, ఒక్క మాట. ఈ వ్యాన్ నడుపుతూ మ్యాపు చూడటం నా వల్ల కావడంలేదు. కళ్ళజోడు మార్చాలి, చెయ్యి వదలాలి.”

మేడమ్ పెదవి చివర మెల్లగా ఒక నవ్వు మొలిచింది.

“ఇందాకటి ఆ నేవిగేషన్ నాకు భలే నచ్చిందండీ. తిట్టే నేవిగేషన్! సిరీస్‌లో అది ఉండి తీరాలి. కానీ మీరు నడుపుతూ మిమ్మల్ని మీరే తిట్టుకోలేరు కదా...”

పిన్ని ఏకాకి వైపు తిరిగింది.

“తిట్టడం వచ్చునట్రా నీకు?” అంది పిన్ని.

“నిన్నా పిన్నీ? ఎలా?”

“అయితే మర్యాదగానే చెప్పు. కానీ ఒక షరతు. ఎడిటింగ్ ఛానల్ వాళ్ళు చేసుకుంటారు. నువ్వు కర్టెన్‌కి కన్నం పెట్టుకుని రోడ్డు చూడాలి. చూడకుండా కుడీ ఎడమా చెప్పావో, దిగి నడుచుకుంటూ కమోడ్ల దగ్గరికి పోతావు.”

ఓడ ఒడ్డుకి ఆనింది. ఇనప తలుపు కిందికి వాలుతుంటే లోపలికి వెలుతురు పడింది. ఏకాకి కర్టెన్ వెనక మోకాళ్ళమీద కూర్చుని కన్నానికి కన్ను ఆనించాడు. ఎదురుగా రోడ్డు, రోడ్డు పక్క రాతిగోడ, గోడవతల పొలం. పొలంలో గొర్రెలు తలెత్తి వ్యాన్‌నే చూస్తున్నాయి.

“పిన్నీ, గొర్రెలు!” అన్నాడు.

“ఈ దేశంలో మొదటినుంచీ ఉన్నాయిరా. దారి చెప్పు.”

‘ఒంటరి పిన్ని’ సిరీస్ పెద్ద హిట్టయింది. ఎర్ర గ్లౌజులకి ఎంత పేరొచ్చిందో నేవిగేషన్‌కీ అంత పేరొచ్చింది. ‘కుడికి తిరుగు పిన్నీ, మెల్లగా పిన్నీ, ఆ వంతెన ఎంత బాగుందో చూడు పిన్నీ’ అని వరస పెట్టి పిలిచే నేవిగేషన్ తమకీ కావాలని జనం ఛానల్‌కి రాశారు. అల్లుడికి ఛానల్ ఆఫీసులో ఏదో పని ఇచ్చారని ఇంటికి చెప్పారు. ఏం పనో ఎవరూ చెప్పలేదు.

ఒకరోజు, వ్యాన్ ఒక కొండమలుపులో ఉండగా, మామగారు పిన్నికి ఫోన్ చేశారు. పిన్ని స్పీకరు పెట్టింది.

“అమ్మా, మీ కార్యక్రమం వదలకుండా చూస్తున్నాను. ఒక్క అనుమానం. ఆ నేవిగేషన్ గొంతు అచ్చం మా అల్లుడి గొంతులా ఉందేమిటి?”

కర్టెన్ వెనక ఏకాకి ఊపిరి బిగబట్టాడు. తుమ్మొస్తోంది.

పిన్ని గేరు మార్చింది. “మీ అల్లుడికి దారి తెలుసా అన్నయ్యగారూ?”

అవతల మామగారు చాలాసేపు ఆలోచించారు.

“అదీ నిజమేలెండి,” అని ఫోన్ పెట్టేశారు.